ట్రాక్టర్ వచ్చింది, పార చేతిలోనే ఉంది: పల్లె పారిశుధ్యంలో యంత్రం, కులం

అమెరికా, కెనడాల్లో మంచు పడే ఊళ్లలో చలికాలం తెల్లవారగానే చిన్న ట్రాక్టర్లు బయటికొస్తాయి. ముందు ఒక బ్లేడ్ గానీ, మంచును పీల్చి పక్కకు విసిరే బ్లోయర్ గానీ తగిలించుకుని ఇంటి దారిని శుభ్రం చేస్తాయి. మంచు కరిగాక అదే ట్రాక్టర్ గడ్డి కోస్తుంది, మట్టి మోస్తుంది, ఎండిన కొమ్మలు లాగుతుంది. చాలా ఇళ్లలో దాన్ని నడిపేది ఇంటి యజమానే. చికాగో, బోస్టన్ లాంటి నగరాల్లో ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయడం ఆస్తి యజమాని బాధ్యత అని స్థానిక చట్టాలే చెబుతాయి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లు కూడా ఈ పని చేస్తారు. ఊళ్లో ఉన్నప్పుడు చీపురు ముట్టని వాళ్లు కూడా అక్కడ పార పట్టుకుని మంచు ఎత్తుతారు. దాన్ని ఎవరూ తక్కువ పనిగా చూడరు.

ఆ దేశాల్లో వివక్ష లేదని మేము అనడం లేదు. జాతి, వలస, పేదరికం అక్కడా పనిని పంచుతాయి. మేము చెప్పదలచుకున్నది వేరు. ఇంచుమించు అదే శక్తి ఉన్న యంత్రం మన పల్లెకు వచ్చేసరికి దాని చుట్టూ పని ఎలా పంచుకోబడుతోంది? సీటు మీద ఎవరు, ట్రాలీలో చెత్త తొక్కేది ఎవరు, మోరీలో చెయ్యి పెట్టేది ఎవరు? తెలంగాణ గ్రామ పంచాయతీల ట్రాక్టర్ గురించి ఈ ప్రశ్నలతో మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చింది.

తుర్కపల్లి లాంటి ఊళ్లలో పని పెరిగింది

మేము మాట్లాడుతున్నది శామీర్‌పేట దగ్గరి తుర్కపల్లి గురించి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇదే పేరుతో ఒక మండలం ఉంది, అది వేరు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద, జీనోమ్ వ్యాలీలో ఉంటుంది మా తుర్కపల్లి. ఒక పక్క టీకాలు, మందులు తయారు చేసే కంపెనీలు, పరిశోధన పార్కులు. ఇంకో పక్క ఫాంహౌస్‌లు, ప్లాట్ల వెంచర్లు, రోడ్డు పక్క హోటళ్లు, కూలీలకు అద్దెకిచ్చే గదుల వరసలు. వీటి మధ్యే పాత ఊరు, అందులో పాత వాడలు.

ఇలాంటి ఊళ్లలో వ్యవసాయం తగ్గిన కొద్దీ ట్రాక్టర్ పని తగ్గలేదు, మారింది. దుక్కి దున్నిన ట్రాక్టరే ఇప్పుడు వెంచర్‌లో ముళ్ల పొదలు తీస్తుంది. మట్టి చదును చేస్తుంది, ఫాంహౌస్ చెట్లకు ట్యాంకర్‌తో నీళ్లు పోస్తుంది, కూల్చిన గోడల శిథిలాలు మోస్తుంది. జనం పెరిగారు, ప్లాస్టిక్ పెరిగింది, మోరీల్లో పారే మురుగు పెరిగింది. ఈ పెరిగిన చెత్తనంతా ఎత్తాల్సిన చేతులు మాత్రం చాలావరకు పాత వాడల నుంచే వస్తున్నాయి. మన పల్లెల్లో సఫాయి కార్మికుల్లో ఎక్కువమంది మాదిగ, మాల, ఇతర దళిత కులాలవాళ్లే అన్నది ఊళ్లో తెల్లవారుజామున ఒకసారి తిరిగిన ఎవరికైనా తెలుస్తుంది.

పంచాయతీకి ట్రాక్టర్ ఎలా వచ్చింది

2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసింది. 2019 సెప్టెంబర్ 6న ముప్పై రోజుల కార్యాచరణతో ‘పల్లె ప్రగతి’ మొదలైంది. డంపింగ్ యార్డు, వైకుంఠధామం, నర్సరీ, పల్లె ప్రకృతి వనంతో పాటు ప్రతి పంచాయతీకి ఒక ట్రాక్టర్, ఒక ట్రాలీ, ఒక వాటర్ ట్యాంకర్ ఉండాలని సర్కారు నిర్ణయించింది. అలా రాష్ట్రంలో 12,700కు పైగా పంచాయతీలకు ట్రాక్టర్లు చేరాయి. చాలా పంచాయతీలు బ్యాంకు అప్పుతో కొన్నాయి. కిస్తీలు, డీజిల్, మరమ్మతులు పంచాయతీ నిధుల నుంచే.

ఇది చిన్న మార్పు కాదు. అంతకుముందు చాలా ఊళ్లలో చెత్త రిక్షాను మనిషే లాగేవాడు, లేదా చెత్త ఊరి చివర పెంటకుప్పల్లోనే ఉండిపోయేది. బండి లాగే బాధ తప్పింది, ఊరు కొంత శుభ్రమైంది. అది మేము కాదనం.

కానీ యంత్రం నడవాలంటే డీజిల్ కావాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, నిధులు అందక ట్రాక్టర్లు ఆగిపోయాయని, డీజిల్ డబ్బులు కార్యదర్శులు సొంత జేబుల నుంచి పెడుతున్నారని జిల్లాల నుంచి వార్తలు వచ్చాయి. ట్రాక్టర్ ఆగితే చెత్త ఆగదు. ఆ రోజు దాన్ని మళ్లీ మనిషే మోస్తాడు. యంత్రం మూలన పడ్డ ప్రతిసారీ ఆ పని తిరిగి చేరేది మన వాడ మనుషుల దగ్గరికే.

యంత్రం ఏ పని చేస్తుంది, ఏది మనిషికి వదిలేస్తుంది

ట్రాక్టర్‌లో మనకు పనికొచ్చే శక్తి మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, వెనుక హుక్కు: ట్రాలీని, ట్యాంకర్‌ని లాగుతుంది. రెండు, హైడ్రాలిక్స్: నూనె ఒత్తిడితో బరువు లేపుతుంది, ట్రాలీని వెనక్కి వంచి చెత్త దించుతుంది. మూడు, పీటీఓ: ఇంజన్ శక్తిని తిరిగే షాఫ్టు ద్వారా పంపుకో, గడ్డి కోసే యంత్రానికో, రోటావేటర్‌కో అందిస్తుంది. మంచు విసిరే బ్లోయర్ తిరిగేది కూడా ఈ పీటీఓ తోనే.

పంచాయతీ ట్రాక్టర్‌తో చేయిస్తున్న పనిలో ఎక్కువ భాగం మొదటిదే, అంటే లాగడం. ట్రాలీకి హైడ్రాలిక్ జాకీ ఉంటే చెత్త దించే పని కూడా యంత్రానిదే. ఎత్తి పోసే పని మాత్రం ఎవరికీ తప్పలేదు.

ఒక లెక్క చూద్దాం. ట్రాలీ అడుగు నేల నుంచి దాదాపు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. పక్క పలకలు ఇంకో అడుగున్నర, రెండడుగులు. అంటే చెత్త తట్టను ఐదడుగుల ఎత్తుకు లేపి లోపలికి గుమ్మరించాలి. ఊడ్చే పనిలో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి అది తల ఎత్తు. రోజుకు ఒక టన్ను చెత్త అనుకుంటే, పది కిలోల తట్ట చొప్పున నూరు సార్లు లేపాలి. తట్టలోంచి కారే తడి ఆమె ముఖం మీద, భుజం మీద పడుతుంది. ట్రాలీలో ఇంకొకరు నిలబడి చెత్తను కాళ్లతో తొక్కి సర్దాలి. అందులో గాజు పెంకులు, బ్లేడ్లు, సూదులు, వాడేసిన డైపర్లు, శానిటరీ ప్యాడ్లు ఉంటాయి.

అంటే ట్రాక్టర్ దూరాన్ని తగ్గించింది గానీ చెత్తను మనిషి తాకే పనిని తగ్గించలేదు. కులం పట్టి ఉన్నది ఆ తాకే పనినే.

దీన్ని మార్చే యంత్రాలు లేక కాదు. ట్రాక్టర్ ముందు తగిలించే లోడర్ బకెట్ నేల మీది కుప్పను ఎత్తి ట్రాలీలో పోస్తుంది. 24 హార్స్ పవర్ తరగతిలో దొరికే మినీ ట్రాక్టర్ల హైడ్రాలిక్ లిఫ్టు కూడా దాదాపు 750 కిలోలు లేపుతుంది. ఇరుకు వాడల్లో పెద్ద ట్రాక్టర్ తిరగలేని చోట ఇవి తిరుగుతాయి. లోడర్ కొనలేకపోతే ట్రాలీకి వెనుక కిందికి దిగే తలుపు, నడుం ఎత్తులో పోసే పెట్టెలు పెట్టించవచ్చు. ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే అయ్యే పని ఇది. తడి, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేసి, డబ్బాను ఇంటివాళ్లే తెచ్చి ట్రాలీలో పోస్తే మరీ మంచిది. మంచు దేశాల్లో ఇంటి యజమాని తన గుమ్మం ముందు తాను తీసుకున్నట్టే, మన చెత్త డబ్బా మనం ఎత్తడం అన్నమాట.

మోరీ, కళేబరం, సమాధి

అన్నిటికంటే కష్టమైన పనులు ట్రాక్టర్ దాకా రానే రావు.

మోరీ తీయడం చూడండి. పారతో, కొన్నిచోట్ల చేతులతో మురికిని తోడి గట్టు మీద వేస్తారు. ఆరాక ట్రాలీకెత్తుతారు. చాలా ఊళ్లలో గుంత లేకుండా మరుగుదొడ్డి పైపును నేరుగా మోరీలోకి వదులుతారు. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం పాత దొడ్లకే పరిమితం కాదు. అలాంటి మరుగుదొడ్డి నుంచి మలం వచ్చి పడే బహిరంగ మోరీని, గుంతను చేతులతో శుభ్రం చేయించడం కూడా దాని నిర్వచనంలోకి వస్తుంది. మొదటిసారి తప్పు చేసినవారికి ఏడాది వరకు జైలు, లేదా యాభై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రి ఇచ్చి చేయిస్తే అది ఈ నిర్వచనం కిందికి రాదని అదే చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. కాబట్టి గ్లౌజులు, బూట్లు, పొడవాటి పరికరాలు ఇచ్చారా లేదా అన్నది దయకు సంబంధించిన విషయం కాదు. చట్టం పాటించారా, నేరం చేశారా అని తేల్చేది అదే.

సెప్టిక్ ట్యాంకు, మురుగు గుంతల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ. రక్షణ లేకుండా మనిషిని దించితే మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. ఇలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఫాంహౌస్‌లు, హాస్టళ్లు, కూలీ గదులు పెరుగుతున్న మా ప్రాంతంలో ఈ సంగతి ప్రతి యజమానికీ తెలిసి ఉండాలి. ప్రైవేటు ఇంట్లో జరిగినా నేరం నేరమే.

ఇక చచ్చిన పశువులు. ఊళ్లో బర్రె చనిపోయినా, రోడ్డు మీద కుక్క లారీ కింద పడినా కబురు వెళ్లేది ఏ వాడకో అందరికీ తెలుసు. నిజాం కాలపు వెట్టిలో ఇది మాదిగలపై బలవంతంగా రుద్దిన పని. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దీన్ని నేరంగా చూస్తుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, దళితులు లేదా ఆదివాసీలు కానివారెవరైనా వాళ్లతో మనుషుల, పశువుల కళేబరాలు ఎత్తించినా, మోయించినా, సమాధులు తవ్వించినా అత్యాచారం కిందికే వస్తుంది. చేతులతో మలం ఎత్తించడం కూడా అదే జాబితాలో ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు. లోడర్ బకెట్ ఉన్న ట్రాక్టర్ కళేబరాన్ని ఎవరి చెయ్యీ తగలకుండా ఎత్తగలదు, గుంత కూడా తవ్వగలదు. అలాంటి యంత్రం అందుబాటులో ఉన్న ఊళ్లో కూడా కబురు వాడకే వెళ్తే, అందుకు డబ్బుల కొరతను సాకుగా చూపలేరు.

సీటు ఎవరిది?

ట్రాక్టర్ నడపడం ఊళ్లో గౌరవమున్న పని. పైగా అది నైపుణ్యం, రేపు ఇంకో చోట ఉద్యోగం తెచ్చిపెట్టే అర్హత. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు, కొన్ని వారాల సాధన చాలు. అయినా ఊడ్చే చోట ఎక్కువగా ఆడవాళ్లు, సీటు మీద దాదాపు ఎప్పుడూ మగవాళ్లు. దళిత యువకుడు డ్రైవర్ అయిన ఊళ్లు ఉన్నాయి. కానీ దళిత మహిళకు ఆ సీటు ఇవ్వాలన్న ఆలోచనే పంచాయతీలకు రాలేదు.

ఇంకో సమస్య మల్టీపర్పస్ విధానం. స్వీపర్, డ్రైవర్, వాటర్‌మ్యాన్, ఎలక్ట్రీషియన్ అన్న తేడా లేకుండా అందరితో అన్ని పనులూ చేయించే ఈ పద్ధతి జీవో 51తో వచ్చింది. శిక్షణ లేనివాళ్లను ట్రాక్టర్ ఎక్కించడం, కరెంటు స్తంభం ఎక్కించడం ప్రాణాల మీదికి తెస్తోందని కార్మిక సంఘాలు చెబుతూ వస్తున్నాయి. 2023 జులైలో గ్రామ పంచాయతీ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు ఆ జీవో రద్దు ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. అప్పటికి వాళ్ల నెల జీతం 9,500 రూపాయలు. అదే ఏడాది మే డే నాడు వెయ్యి పెంచితే అంతయింది.

భద్రత సంగతి కూడా చెప్పాలి. పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. దాని మీద గొట్టంలాంటి కవచం లేకపోతే చీర కొంగో, చున్నీయో, టవలో తగిలిన క్షణంలో రెండు మీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. చెయ్యి లాక్కునే సమయం ఉండదు. ట్యాంకర్ పంపు నడిచేటప్పుడు దగ్గర నిలబడేది ఎక్కువగా మన ఆడవాళ్లే. ట్రాలీలో మనుషులను ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. అయినా చెత్త మీద కూర్చుని డంపింగ్ యార్డుకు వెళ్లే కార్మికులు మనకు రోజూ కనిపిస్తారు.

నిందించాల్సింది యంత్రాన్ని కాదు

ఇదంతా విని యంత్రమే వద్దనుకుంటే పొరపాటు. 1945లో వచ్చిన పుస్తకంలో గాంధేయ ఆర్థిక ఆలోచనను విమర్శిస్తూ బాబాసాహెబ్ అంబేడ్కర్ యంత్రం పక్షాన నిలబడ్డారు. గొడ్డు చాకిరీ నుంచి మనిషిని విడిపించి తీరిక ఇచ్చేది యంత్రమే అన్నది ఆయన వాదన. యంత్రం వల్ల చెడు జరిగితే తప్పు యంత్రానిది కాదని, దాని లాభం కొద్దిమందికే దక్కేలా చేసిన సమాజపు ఏర్పాటుదని ఆయన చెప్పారు. పల్లె ట్రాక్టర్‌ను ఈ చూపుతోనే చూడాలి. దాని లాభం ఊరందరికీ శుభ్రమైన వీధిగా అందుతోంది. ఆ వీధిని శుభ్రం చేసేవాళ్లకు అందాల్సిన తీరిక, భద్రత, గౌరవం మాత్రం సగంలోనే ఆగాయి.

యాజమాన్యం మారితే ఏమవుతుందో చూపే ప్రయత్నాలు మన దగ్గరే జరిగాయి. 2017లో హైదరాబాద్ జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. ఇరుకు గల్లీల్లోకి వెళ్లి నీటి ఒత్తిడితో మురుగు గొట్టాలను శుభ్రం చేసే చిన్న వాహనాలివి. వాటిని దళిత, ఆదివాసీ యువత సొంతం చేసుకుని జలమండలికి అద్దెకు నడిపేలా ఏర్పాటు చేశారు. రెండేళ్ల తర్వాత ఢిల్లీ 200 యంత్రాలతో ఆ దారిలో నడిచింది. 2021లో దళితబంధు కింద ఒక్కో కుటుంబానికి పది లక్షలు ఇచ్చినప్పుడు కూడా చాలామంది ట్రాక్టర్లు, వాహనాలు ఎంచుకున్నారు. వాహనమంటే రోజూ చేతికొచ్చే ఆదాయం, ఒకరి దగ్గర చేయి చాచనక్కరలేని బతుకు.

ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. మురుగు పనికి యజమానిని కూడా దళితుడినే చేస్తే ఆ పని మన కులానికే అంటుకుని ఉంటుందన్న విమర్శ ఉంది. అందులో నిజముంది. అందుకే ట్రాక్టర్ లాంటి యంత్రం మేలు. అది చెత్తకే కట్టుబడి ఉండదు. వెంచర్ చదును, ఫాంహౌస్ గడ్డి కోత, నీళ్ల ట్యాంకర్, పొలం దుక్కి అన్నీ చేస్తుంది. తుర్కపల్లి చుట్టూ కంపెనీలు, వెంచర్లు రోజూ ఇస్తున్న అద్దె పని కొన్ని దళిత కుటుంబాలకో, మహిళా సంఘాలకో దక్కితే అది నిజమైన మార్పు. వ్యవసాయ యంత్రాల కేంద్ర పథకంలో ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు యాభై శాతం దాకా సబ్సిడీ ఉంది. కానీ అది రైతులకు. భూమి కాగితం లేనివాళ్ల దాకా అది రావడం కష్టం. భూమి ప్రశ్న ఇక్కడ కూడా మన ముందుకొస్తుంది.

గ్రామసభలో, వార్డులో ఏం అడగాలి

నగరం చుట్టూ పంచాయతీలు ఒక్కొక్కటిగా మున్సిపాలిటీల్లో కలుస్తున్నాయి. బోర్డు మారినా ట్రాక్టర్, కార్మికులు వాళ్లే. కాబట్టి సభ గ్రామానిదైనా వార్డుదైనా ఈ ప్రశ్నలు అడగవచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద రాసి అడగవచ్చు.

ట్రాక్టర్ లాగ్‌బుక్, డీజిల్ రిజిస్టర్ చూపండి. గత నెలలో ఎన్ని రోజులు నడిచింది, నడవని రోజు చెత్త ఎవరు మోశారు?

పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 గ్రాంట్లలో అరవై శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉంచారు. అందులో లోడర్ బకెట్‌కు, తక్కువ ఎత్తు ట్రాలీకి, గ్లౌజులు, బూట్లకు ఎంత ఖర్చయింది? కొత్తగా వచ్చే గ్రాంట్లలో ఎంత పెడుతున్నారు?

ఊళ్లో ఎన్ని మరుగుదొడ్ల పైపులు మోరీలో కలుస్తున్నాయి? వాటికి ఇంకుడు గుంతలు ఎప్పుడు కట్టిస్తారు? అప్పటిదాకా ఆ మోరీలు ఏ పరికరాలతో తీస్తారు?

చచ్చిన పశువును తీసేందుకు రాతపూర్వకమైన ఏర్పాటు ఏది? ఏ యంత్రం, ఎవరి ఖర్చు?

డ్రైవర్ శిక్షణ, లైసెన్సు ఖర్చు పంచాయతీ పెట్టుకుని ఊడ్చే పనిలోని ఆడవాళ్లకు ముందు అవకాశం ఇస్తుందా? పీటీఓ షాఫ్టుకు కవచం ఉందా? కార్మికులకు పీఎఫ్, ఈఎస్ఐ, ప్రమాద బీమా ఉన్నాయా?

వీటిలో ఒక్కటి కూడా ఖరీదైన కోరిక కాదు. ట్రాక్టర్ కొనడానికి అప్పు తెచ్చిన వ్యవస్థకు ఒక బకెట్, ఒక కవచం, ఒక లైసెన్సు భారం కావు. అవి కొనకపోవడానికి కారణం, ఆ పని చేయడానికి మనుషులు ఎప్పుడూ చౌకగా దొరుకుతారన్న నమ్మకం. తరతరాలుగా కులం ఊరికి ఇచ్చిన నమ్మకం అది. దాన్ని ప్రశ్నించకుండా ఎన్ని యంత్రాలు తెచ్చినా చివరి తట్ట ఎత్తేది మన అమ్మలే. ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు లాగ్‌బుక్‌తోనే మొదలుపెడదాం.